తెల్ల గొట్టం కింద తడి

గోడకు తడి ఉంది. వాన తడి కాదు, వాన పడి పది రోజులు దాటింది. మంచు తడి కూడా కాదు, మంచయితే గోడంతా పరుచుకోవాలి. ఇది జానెడు మేర, ఒక్కచోటే, బాయిలర్ గది వెనక గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన తెల్ల ప్లాస్టిక్ గొట్టానికి సరిగ్గా కింద, చిటికెన వేలంత సన్న పైపు మూతి దగ్గర ఉంది. గురప్ప చీపురు గోడకు ఆనించి గొంతుక్కూర్చున్నాడు. ఒక చుక్క వేలాడింది, లావెక్కింది, రాలింది. చాలాసేపటికి ఇంకోటి. వేలు తడి చేసుకుని నాలుకకు అద్దుకున్నాడు. ఉందీ లేనట్టు పులుపు, తోమని ఇత్తడి చెంబులో నిలవున్న నీళ్ల మాదిరి. ఇంకేం చూడనక్కర్లేదు. ఈ నీళ్లు ఊరికే రావు, లోపల గ్యాసు మండితేనే వస్తాయి, అదీ ఈ తెల్లవారుజామున మండి ఉంటేనే ఇప్పటిదాకా కారతాయి. గ్యాసు మండాలంటే ఇంట్లో ఎవరో వేడినీళ్ల కుళాయి తిప్పాలి. ఇంట్లో ఎవరూ లేరు. ఆగస్టులో ఇరాకీ ట్యాంకులు కువైట్ వీధుల్లోకి వచ్చిన మూడో రోజే, గురప్ప మామా అని పిలిచే ఇంటి యజమానురాలు, కొడుకులు, కోడళ్లు కార్లలో సౌదీ వైపు వెళ్లిపోయారు. పోలీసుల్లో పెద్ద ఉద్యోగి అయిన కఫీల్, అంటే పదేళ్లుగా గురప్ప పాస్‌పోర్టు తన ఇనప్పెట్టెలో పెట్టుకున్న యజమాని, అంతకు ముందు రోజే స్టేషనుకని పోయి మళ్లీ రాలేదు. అక్టోబరులో సైనికులు వచ్చి అతని ఫొటో చూపించి అడిగారు, గదిగదీ వెతికారు, ముందు తలుపుకూ పక్క తలుపుకూ ఎర్ర లక్క సీలు కొట్టి పోయారు. ఇది డిసెంబరు. సీలు చెక్కుచెదరలేదు, రోజూ ఊడుస్తూ చూస్తూనే ఉన్నాడు. సీలు ఒకటి చెప్తోంది, గొట్టం ఇంకోటి చెప్తోంది.

ఆరు దాటింది. ఏడింటికి ములాజిం వస్తాడు. ములాజిం అంటే వాళ్ల సైన్యంలో చిన్న అధికారి, మన ఎస్సై లాంటివాడు. నిన్న సాయంత్రం గేటు ముందర జీపు ఆపి, దిగకుండానే, రేపు ఏడింటికి వచ్చి ఇంటికున్న యంత్రాలన్నీ రాసుకుంటాను, తాళాలు పట్టుకుని ఉండండి అని చెప్పిపోయాడు. ఏసీలు, పంపులు, బాయిలర్లు, ఏది పనికొస్తే అది లారీల మీద ఇరాక్‌లోని బస్రాకు. యంత్రాలు చూడ్డానికి వచ్చినవాడి కళ్లు యంత్రాల దగ్గరే ఆగుతాయా. పోయిన వారం ఇదే రిగ్గై పేటలో, నాలుగు వీధుల అవతల, ఖాళీ అనుకున్న ఇంట్లో ఒక కువైటీ పోలీసు దొరికాడు. అతన్ని గోడకు నిలబెట్టి కాల్చారు. అతనికి రొట్టె అందించిన కాపలావాణ్ని, ఎవరో బెంగాలీ అంట, పక్కనే నిలబెట్టారు. తర్వాత ఇల్లు తగలబెట్టారు. తెలిసి దాచినవాడా, తెలియక వాకిలి ఊడ్చుకుంటున్నవాడా అని అడిగే ఓపిక వాళ్లకు లేదు. కాబట్టి ఈ తడి ఎవరిదో ఏడు లోపల తెలియాలి. తెలిసి ఏం చేయాలన్నది తర్వాత సంగతి.

గొట్టాన్ని చూడు, మనిషిని అడగొద్దు. ఈజిప్టు ఇంజనీరు నేర్పిన మాట అది. నాలుగేళ్లు కఫీల్ తనను ఒక ఆఫీసుకు అరువిచ్చాడు, పక్కింటికి నిచ్చెన ఇచ్చినట్టు. ఆ ఆఫీసు పని ఇంటింటికీ పోయి, ఎవరింట్లో నీళ్లు ఏ యంత్రం కాస్తోంది, అది తిన్న గ్యాసులో ఎంత నీళ్లకు పెడుతోంది, ఎంత ఆకాశానికి తగలేస్తోంది అని పరీక్ష చేసి కాగితంలో టిక్కులు పెట్టడం. ఇంజనీరు చేతిలో పెన్ను, గురప్ప చేతిలో టార్చీ, చిన్న అద్దం. ఐదో తరగతి చదువు టార్చీ పట్టడానికి చాలు. ఇళ్లవాళ్లు కాఫీ ఇచ్చి అబద్ధాలు చెప్పేవాళ్లు. కొత్తది, జర్మనీది, చాలా పొదుపైంది అనేవాళ్లు. పేరు పలక కూడా అబద్ధమే, పాత డబ్బాకు కొత్త రంగు పూసి ఇంకో కంపెనీ పలక బిగించినవి ఎన్ని చూశాడో. గొట్టం ఒక్కటే అబద్ధం చెప్పదు. ఇనుప గొట్టమై, నిటారుగా కప్పు దాటి పైకి పోయి, చెయ్యి పెడితే కాలిందంటే అది పాత రకం, వేడిలో పావు వంతు ఆకాశానికి పోతోందని లెక్క. గొట్టం తెల్ల ప్లాస్టిక్‌దై, అడ్డంగా గోడలోంచి బయటికొచ్చి, చెయ్యి పెడితే గోరువెచ్చగానే ఉందంటే మోకాళ్ల మీద కూర్చుని కింద వెతుకు, సన్న పైపు ఉండాలి. ప్లాస్టిక్ కరగలేదంటే పొగలో వేడి లేదు. పొగలో వేడి లేదంటే చివరి చుక్క దాకా నీళ్లలోకి పిండుకుంది. అంతలా పిండితే పొగ కూడా నీరవుతుంది, ఆ నీరు పులుపు, పోవడానికి దారి కావాలి, లేకుంటే ఇనుమునే తినేస్తుంది. తెల్ల గొట్టం, సన్న పైపు, కింద ఆ పులుపు తినేసిన సిమెంటు, మూడూ ఉంటే కళ్లు మూసుకుని టిక్కు పెట్టొచ్చు. నాలుగేళ్లలో అట్లాంటివి పదకొండే కనబడ్డాయి. యంత్రాలను చూడ్డం అయిపోయాక గురప్ప మనుషులను కూడా అట్లాగే చూడ్డం మొదలుపెట్టాడు. నోరు చెప్పేది వదిలేసి, కింద ఏం కారుతోందా అని.

పన్నెండోది కఫీల్ ఇంట్లోదే. ఎనభై ఏడులో హాలండ్ నుంచి ఓడలో తెప్పించాడు. పైన కుళాయి తిప్పితే కింద దానంతటదే వెలిగి, కట్టేస్తే దానంతటదే ఆరిపోతుంది. బిగించే పనివాడు సన్న పైపు సంగతి తెలియక అట్లాగే పోబోతే గురప్పే ఆపి, గోడకు రంధ్రం పొడిచి పైపు బయటికి తీశాడు. కఫీల్ ఆ రోజు చుట్టాలను పిలిచి గొట్టం మీద అరచెయ్యి పెట్టించి మురిసిపోయాడు. చూడండి, కాలదు, అన్నాడు. పైపు సంగతి ఎవరికీ చెప్పలేదు, అది ఆయనకు అక్కర్లేని సంగతి. ఆగస్టులో ఇల్లు వదిలేటప్పుడు గ్యాసు కట్టేయమని మామా చెప్పిందా? చెప్పింది. తను కట్టేశాడా? లేదు. మరిచిపోయి కాదు. వాళ్ల గ్యాసు, వాళ్ల ఇల్లు, కారితే కారనీ, పోతే పోనీ అనుకుని తాళం చెవి జేబులో వేసుకుని తన రేకుల గదికి పోయి పడుకున్నాడు. ఇప్పుడు ఆ కట్టని గ్యాసే ఎవరికో పొద్దున్నే నీళ్లు కాచి పెడుతోంది.

సూరిబాబా? వంటవాడు సూరిబాబు, కోనసీమ మనిషి, మాటకు ముందొక ఆయ్, మాట తర్వాతొక అండి. ఆ నాలుక మీద తేనె ఎప్పుడూ ఆరదు, అందుకే గురప్ప ఎప్పుడూ నమ్మలేదు. గేటు దగ్గర కాపలా ఉండే ఇరాకీ కుర్రాడితో నవ్వుతాడు, వాడిచ్చిన సిగరెట్టు కాలుస్తాడు. ఊరికే ఎవరిస్తారు సిగరెట్టు? బయట వంటగది వాడిది, ఆ వంటగదికీ ఇంటి భోజనాల గదికీ మధ్య గోడలో పళ్లేలు అందించే చిన్న కిటికీ ఉంది. దానికి సీలు వేయలేదు, సైనికుల కంటికి అది అల్మరా తలుపులా కనబడింది. మనిషి పక్కకు తిరిగి భుజాలు ముడుచుకుంటే దూరగలడు. సూరిబాబు దూరి దొంగతనంగా స్నానం చేస్తున్నాడా? వాడు చన్నీళ్ల మనిషి, కాలవలో పెరిగినవాడు, జనవరిలో కూడా కుళాయి కింద తల పెట్టి సీతారాములను పిలుస్తాడు. ఆడమనిషినెవర్నో పెట్టాడా? మన పనివాళ్లుండే ఫర్వానియాలో ఆ మధ్య పని ఇల్లు వదిలి రోడ్డున పడ్డ ఆయాలు చాలామందే ఉన్నారు. ఉంటే పెరట్లో ఒక గుడ్డ ఆరాలి, ఒక వెంట్రుక కనబడాలి, పెరడు ఊడ్చేది తనే. ఏమీ లేదు. మరి రెండు వారాలుగా ఆ వాసన ఏంది? అన్నంలో ఎండిన నల్ల నిమ్మకాయ వేసి ఉడికించే వాసన, అది కువైటీ వంట, మచ్బూస్ అంటారు. చింతపండు పులుసు లేనిదే ముద్ద మింగలేనివాడు, షర్క్ చేపల బజారు మూతపడిందని ఆగస్టులో ఏడ్చినంత పని చేసినవాడు, నల్ల నిమ్మకాయ అన్నం ఎవరికి వండుతున్నాడు? బియ్యం దొరకని రోజుల్లో గిన్నె ఎందుకు పెద్దదైంది?

ఇంకో చుక్క రాలింది. పొద్దున, సూర్యుడు రాకముందు, రోజూ అదే వేళకు ఈ దేశంలో వేడినీళ్ల కుళాయి తిప్పేది ఎవరు? తొలి నమాజుకు చేతులూ కాళ్లూ మొహం కడుక్కునేవాడు. కడుక్కోవడానికి చన్నీళ్లు చాలు, అందరూ చన్నీళ్లతోనే కడుక్కుంటారు. వేడినీళ్లే కావాలంటే వాడి చేతులకు ఏదో ఉండాలి. గురప్ప చీపురు పట్టుకుని లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. వేళ్లు. కణుపుల దగ్గర ఉబ్బి పక్కకు తిరిగిపోయిన వేళ్లు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునే వేళ్లు. ఆ వేళ్ల కోసమే కదా హాలండ్ నుంచి ఆ యంత్రం వచ్చింది, డాక్టరు చన్నీళ్లు తాకొద్దన్నాడని. ఆ వేళ్లే కదా ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో టేబుల్ మీద టెలిగ్రాం కాగితాన్ని మెల్లగా ఇటు తోసినవి. తిరుపాలమ్మ సీరియస్, వెంటనే రా, అని బావమరిది రాయచోటి నుంచి కొట్టించిన టెలిగ్రాం. పాస్‌పోర్టు ఇప్పించండి బాబా అని గురప్ప అడిగాడు. రేపు, ఇన్షాల్లా, అన్నాడు కఫీల్. మరునాడు అడిగాడు. రేపు. ఇంట్లో పెళ్లి ఉంది, బంధువులొస్తున్నారు, బాయిలర్ చూసుకునేది ఎవరు, రేపు. మూడో రోజు రెండో టెలిగ్రాం వచ్చింది, అందులో రమ్మని లేదు. అయినా అడిగాడు. కనీసం దివసాలకన్నా పోతాను అన్నాడు. ఆయన తలెత్తి, నిజంగా అర్థం కానట్టు, ఖలాస్ కదా, అయిపోయింది కదా, ఇప్పుడు పోయి ఏం చేస్తావు అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. అరిచినా బాగుండేది. ఆమె కడుపులో గడ్డ ఉందని చనిపోయాక తెలిసింది, రక్తం పోయి పోయి తెల్లబడిపోయిందంట, మట్టి బావమరిది వేశాడంట, అన్నీ అంటలే. పదహారేళ్లు కాపురం చేసిన మనిషి చావు గురప్పకు అంట అయింది. ఆగస్టు తర్వాత విమానాలు పెట్టి మనవాళ్లను అమ్మాన్ నుంచి ఇండియాకు పంపేస్తుంటే, పాస్‌పోర్టు లేకపోయినా ఫర్వాలేదు రా అని ఫర్వానియా వాళ్లు పిలిచారు. పోలేదు. పోయి ఎవరి మొహం చూడాలి? పోవాల్సిన రోజు పోనివ్వలేదు, పోవాల్సిన పని లేని రోజు పొమ్మంటారా?

వంటగది తలుపు కిర్రుమంది. సూరిబాబు రెండు గ్లాసులతో వచ్చాడు, మెడ చుట్టూ తువ్వాలు, నోట్లోంచి చలికి ఆవిరి.

"టీ అండి బాబాయ్. పాలు లేవు, పంచదార లేదు, ఆకు నిన్నటిది. వేడి మాత్రం ఇయ్యాల్టిదే, ఆయ్."

గురప్ప గ్లాసు తీసుకోలేదు. వాడి మొహంలోకే చూశాడు.

"ఏంటండి అలా చూస్తున్నారు? నా మొహానిక్కూడా సీలేశారా?"

"అబ్బీ, నిన్న ఏం వండినావు?"

"అన్నవండి."

"ఏం అన్నం?"

"అన్నంలో మళ్లీ ఏం అన్నం ఉంటాదండి, మీ కడపోళ్లకి సంగటి తప్ప..."

"నల్ల నిమ్మకాయ వాసన నా గదిలోకొచ్చింది. పదిహేను దినాలుగా వస్తాంది. నువ్వు తినేది కాదది. ఎవురికి వండుతాండావు?"

సూరిబాబు నవ్వు ఇంకా మొహం మీదే ఉండిపోయింది, దించడం మరిచిపోయినట్టు. కళ్లు ఒక్క క్షణం మూడో అంతస్తు కిటికీ మీదికి పోయి దిగాయి. అది చాలు. గొట్టం చూసినట్టే చూశాడు గురప్ప.

"ఎన్నాళ్లాయ?"

"పద్నాలుగు రోజులండి."

"ఏమిస్తానన్నాడు నీకు?"

"ఏవీ అనలేదండి. తలుపు కొట్టాడు, తీశాను. తీశాక ఇంకేం చేస్తావండి బాబాయ్, ముయ్యలేం కదా."

"నేనూ ఈ ఇంట్లోనే ఉండా. నాకెందుకు చెప్పలేదు?"

సూరిబాబు నేల చూశాడు. "మీ ఆవిడ సంగతి ఓసారి చెప్పారు కదండి. చెప్పినప్పుడు మీ మొహం చూశాను. మీరు చెప్పేస్తారని కాదండి... చెప్పేస్తే మిమ్మల్ని తప్పు పట్టలేనని భయవేసింది."

గురప్ప అప్పుడు గ్లాసు తీసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. చేదు. పో, ములాజిం వచ్చే వేళయింది అన్నాడు. గోడ తడి సంగతి చెప్పలేదు. నాలుక చివరి దాకా వచ్చింది, రెండు చీపుర్ల మట్టి దాని మీదికి తోస్తే తడి కనబడదు, ఆ మాటా చెప్పలేదు. తను ఇన్నాళ్లూ వాణ్ని అనుమానించాడు, వాడూ తనను అనుమానించాడు, సరికి సరి, ఇంక బాకీ ఏముంది? తెలిసిన సంగతి ఇప్పుడు తన ఒక్కడి చేతిలో ఉంది. పదేళ్లలో మొదటిసారి ఈ ఇంట్లో ఏదన్నా తన చేతిలో ఉంది. ఆ మనిషి పైన గది మూలన కూర్చుని ఉంటాడు, సాక్సులతో నడుస్తూ, తుమ్ము వస్తే దిండులో మొహం పెట్టుకుని, రేపటికి ఉంటానా అని లెక్కపెట్టుకుంటూ. రేపు. ఇన్షాల్లా. ఒక్క మాట చాలు. ములాజిం, పైన చూడు, అంటే అయిపోయింది. ముందుగా చెప్పినవాణ్ని గోడకు నిలబెట్టరు. కానీ వంటవాణ్ని నిలబెడతారు. తీశాక ముయ్యలేం కదా. ఎదవ, ఎంత తేలిగ్గా అన్నాడు. ముందుగా చెప్పినవాణ్ని నిజంగా వదులుతారా, ఎవడు చెప్పాడు వదులుతారని, ఏ పలక మీద రాసుంది? గోడకు నిలబెట్టిన కఫీల్‌ను ఊహించుకోవాలని చూశాడు, మూడేళ్లుగా ఎన్నోసార్లు ఎన్నో రకాలుగా చంపాడు కదా మనసులో, ఇప్పుడు రావాల్సిన వేళకు ఆ మొహం రాలేదు, వంకర వేళ్లే వచ్చాయి, టీ గ్లాసు పట్టుకున్నట్టు గాలిని పట్టుకుని. సరే. మట్టి తోయను. నోరు తెరవను. గోడ ఏం చెప్తే అది. వాడు చూస్తే చూస్తాడు, లేకుంటే లేదు. బయట జీపు ఆగిన చప్పుడు.

ములాజిం పీలగా, ముప్ఫై ఏళ్ల మనిషి, చెవుల మీదికి ఉన్ని టోపీ, చేతిలో అట్టకు క్లిప్పుతో కాగితాలు. వెనక ఇద్దరు సైనికులు తుపాకులు భుజానికి తగిలించుకుని ఆవులిస్తున్నారు. ఏసీలు ఎన్ని, పంపు ఎన్ని గుర్రాలది, అడిగి రాసుకున్నాడు. ఇంకో ప్రభుత్వం, ఇంకో కాగితం, అవే టిక్కులు అనుకున్నాడు గురప్ప. బాయిలర్ గదిలో యంత్రం చుట్టూ తిరిగాడు ములాజిం. తను బస్రాలో హమాముల, అంటే ఊరి స్నానశాలల బాయిలర్లు బాగుచేసే కొట్టులో పెరిగానని, తండ్రి పని అదేనని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. పొగగొట్టం మీద అరచెయ్యి పెట్టాడు. ఆ పని తెలిసినవాడు ఎవరైనా ముందు చేసేది అదే. పాత ఇనుప రకమైతే పొద్దున మండింది మధ్యాహ్నం దాకా చెప్తుంది. ఇది చల్లగా ఉంది.

"ఎన్నాళ్లయింది మండి?"

"నాలుగు నెలలు, సార్," అన్నాడు సూరిబాబు తనకొచ్చిన అరబ్బీలో, తొందరగా, నాలుగు వేళ్లు చూపించి.

ములాజిం రాసుకున్నాడు. వెనక వైపు గొట్టం పొడవెంతో చూద్దామని చుట్టూ తిరిగి వచ్చాడు. బూటు తడిలో పడింది. కిందికి చూశాడు.

"ఈ నీళ్లేంటి?"

"ఏసీ నీళ్లు సార్."

గురప్ప కళ్లు మూసుకున్నాడు. వాడి తప్పు కాదు, గోడకు నీళ్లు కారితే కువైట్‌లో బతికిన ఏ తెలుగువాడి నోటైనా వచ్చే మాట అదే. ఫర్వానియా సందుల్లో ఎండాకాలం తల తడవకుండా నడిచిందెవరు, మెడ మీద చుక్క పడితే పైకి చూడకుండా ఏసీ నీళ్లు అని తుడుచుకోనిదెవరు. కానీ ములాజిం నోట్లోంచి ఆవిరి వస్తోంది. సూరిబాబు నోట్లోంచీ వస్తోంది. తను అన్న మాట తనకే వినబడి సూరిబాబు నోరు మూసుకున్నాడు, వాడి ఆవిరి ఆగిపోయింది.

"డిసెంబరులో," అన్నాడు ములాజిం మెల్లగా, "ఏసీ ఎవరు వేసుకున్నారు?"

తల ఎత్తి కిటికీలు చూశాడు, మొదటి అంతస్తు, రెండోది. ఒక సైనికుడు ఆవులింత సగంలో ఆపి తుపాకీ భుజం మీంచి దించాడు. తడి సంగతి తను చెప్పకపోబట్టే కదా సూరిబాబుకా మాట వచ్చింది. మట్టి తోయకపోబట్టే కదా. గోడ ఏం చెప్తే అది అనుకున్నాడు, చెప్పింది గోడ కాదు, వాడి నోరు, ఆ నోరు ఇంకో నిమిషంలో రక్తం కక్కుతుంది. పైనున్న మనిషిని ఇంక ఎవరూ ఏమీ అడగలేరు, పాస్‌పోర్టు ఎందుకయ్యా ఇవ్వలేదు అని తను కూడా అడగలేడు. వీళ్లు తీసుకుపోతే ఆ జవాబు కూడా లారీ ఎక్కి పోతుంది. లేదు. అది తనది.

"వాడు వంటోడు, వాడికేం తెలుసు," అన్నాడు గురప్ప. "అది బాయిలర్ నీళ్లు. నేను మండించాను. వాడికి తెలియకుండా మండించాను, తాళం నా దగ్గరే ఉంది."

"గొట్టం చల్లగా ఉంది."

"ఈ రకం చల్లగానే ఉంటుంది. మండితే నీళ్లు కారతాయి. నాకి చూడండి, పులుపు."

ములాజిం నాకలేదు. గురప్పను కింది నుంచి పైకి చూశాడు, నాలుగు రోజుల తెల్ల గడ్డం, జుట్టులో దుమ్ము, చొక్కా కాలరు.

"ఎందుకు మండించావు?"

"తలకు పోసుకోవడానికి."

"నీది పోసుకున్న తల కాదు."

"ఇంకా పోసుకోలేదు. మీరొస్తారని ఆగాను." తర్వాతి మాట ఎక్కడి నుంచి వచ్చిందో గురప్పకు తెలియదు, వచ్చాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది. "ఇవాళ నా భార్య పోయిన రోజు. మా వాళ్లలో ఆ రోజు తలకు పోసుకోవాలి."

"పేరు?"

"గురప్ప."

"నీది కాదు. ఆమెది."

ఈ దేశంలో ఆ మాట అడిగినవాడు ఇతనే. కఫీల్ అడగలేదు. రెండు టెలిగ్రాముల్లోనూ పేరుంది, ఇంగ్లీషు అక్షరాల్లో, ఆయన చదవలేదు.

"తిరుపాలమ్మ."

ములాజిం పలకబోయి, సగంలో వదిలేసి, దేవుడు ఆమెను కరుణించాలి అని అరబ్బీలో గొణిగాడు. అది అలవాటు కొద్దీ అన్నదే, నమ్మి కాదు, కళ్లు కిటికీల మీదే ఉన్నాయి. తర్వాత అట్టతో బాయిలర్ గది వైపు చూపించాడు.

"అయితే పోసుకో. ఇప్పుడే. నేను చూస్తాను."

గురప్ప చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. బాయిలర్ గదిలో నేల కడిగే కుళాయి కింద బక్కెట్ పెట్టి ఎర్ర పిడి తిప్పాడు. టిక్, టిక్ మని యంత్రం తనంతట తానే వెలిగింది, నీలం మంట, బయట తెల్ల గొట్టం మూతి నుంచి చలిగాలిలోకి ఆవిరి లేచింది. ములాజిం చెయ్యి చాపి ఆవిరిలో పెట్టి, కాలకపోతే ఆశ్చర్యపోయి, ఇంకోసారి పెట్టాడు. బక్కెట్ నిండింది. గురప్ప వాకిట్లో గోడ వైపు తిరిగి కూర్చుని మొదటి చెంబు తల మీద పోసుకున్నాడు. వెచ్చగా వెన్ను మీదుగా దిగింది. రెండో టెలిగ్రాం వచ్చిన నాడు ఫర్వానియా గదిలో అందరూ చెప్పారు, గురప్పా, తలకు నీళ్లు పోసుకో, తెలిసిన పూట పోసుకోవాలి అని. పోసుకోనన్నాడు. పోతా కదా, ఊళ్లో పోసుకుంటా, ఆమె మట్టి దగ్గర పోసుకుంటా అన్నాడు. రేపు, రేపు అంటూ పదకొండు రోజులు ఆ తల అట్లాగే మోశాడు, తర్వాత ఇంక పోసుకుని ఏం లాభమని మామూలు స్నానాలు చేస్తూ వచ్చాడు. రెండో చెంబు. ఇప్పుడు పోసుకుంటున్నాడు, ఎవడిదో తుపాకీ చూస్తుండగా, తారీఖు కూడా తప్పే, ఆమె పోయింది ఫిబ్రవరిలో, ఆయన ఇంటి వాకిట్లో, ఆయన నీళ్లతో, ఆయన ప్రాణం కోసం. ఆమెను అడ్డం పెట్టి ఆయన్ను దాచాడు. ఆమె ఉంటే ఏమనేదో తెలియదు, పదహారేళ్లలో ఆమె ఏమన్నా పెద్దగా అనిందెప్పుడు. మూడో చెంబు మొహం మీదికే పోసుకున్నాడు. మొహం మీద నీళ్లు ఉన్నంతసేపూ ఏది ఏ నీళ్లో ఎవడికీ తెలియదు, అందుకని నాలుగోదీ పోసుకున్నాడు, ఐదోదీ పోసుకున్నాడు, బక్కెట్ ఖాళీ అయ్యేదాకా ఆగలేదు.

లేచేసరికి ములాజిం తల వంచి రాసుకుంటున్నాడు. సైనికుడి తుపాకీ మళ్లీ భుజానికెక్కింది.

"మంచి యంత్రం," అన్నాడు ములాజిం, కిటికీల వైపు ఇంకోసారి చూసి, చూపు తెంచుకుని. "ఎల్లుండి లారీ వస్తుంది. అప్పటిదాకా దీన్ని ముట్టుకోవద్దు. ఇంకోసారి గ్యాసు తగలేస్తే నీ తల మీద పోసేది నీళ్లు కాదు."

జీపు పోయింది. దాని చప్పుడు ఫర్వానియా రోడ్డు మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా ఇద్దరూ నిలబడిన చోట నిలబడ్డారు. సూరిబాబు మెడలో తువ్వాలు తీసి ఇచ్చాడు, ఇచ్చేటప్పుడు వాడి చెయ్యి గురప్ప చేతిని పట్టుకోబోతే గురప్ప తువ్వాలు మాత్రం లాక్కున్నాడు. పైన ఎక్కడో, గోడల లోపల, నేల మీద చాలా జాగ్రత్తగా ఎవరో ఒక అడుగు వేసినట్టు అనిపించింది. తల తుడుచుకున్నాడు. చొక్కా వేసుకున్నాడు. బాయిలర్ గదిలోకి పోయి, ఆగస్టులో కట్టాల్సిన గ్యాసు పిడిని రెండు చేతులతో కదలకుండా బిగించి, తాళం వేసి వచ్చాడు.

"రేపటి నుంచి చన్నీళ్లతో కడుక్కోమని చెప్పు."

సూరిబాబు ఖాళీ బక్కెట్ అందుకున్నాడు. "ఆయన వేళ్లు చూశారు కదండి బాబాయ్. ఈ చలిలో చన్నీళ్లు తగిల్తే..."

"తెల్సు," అన్నాడు గురప్ప.